వెంకటనారాయణ గారి నిద్ర

మా అమ్మాయి రసజ్ఞను నాలుగేళ్లపాటు బడికి తీసుకెళ్లిన వ్యాను వెంకటనారాయణ గారిది. మా తెల్లాపూర్ అపార్టుమెంట్లలో ఇప్పటికీ కొందరు ఆయన్ని "ఆ రోజు పిల్లల్ని చంపబోయిన ముసలాయన" అంటారు. నేను అనలేను. ఎందుకో తెలియాలంటే ఆయన నిద్ర ఎలా పోయిందో తెలియాలి. ఇందులో కొంత నేను చూసిందే. మిగతాది తర్వాత ఆయనా, ఆయన భార్య సక్కుబాయి గారూ చెప్పగా విన్నది.

ఆయన పుట్టింది కొత్తగూడలో. అప్పుడక్కడ బండరాళ్లు, సీతాఫలం చెట్లు, నాలుగు వీధుల ఊరు. వయసులో ఉన్నప్పుడు ట్రాక్టరు మీద మాదాపూర్‌కి కంకర తోలారు. ఈ అద్దాల ఆఫీసుల్లో చాలావాటి పునాదుల్లో తను తెచ్చిన రాయి ఉందని చెప్పుకునేవారు. తర్వాత కొన్నేళ్లు ఆటో నడిపి, చివరికి స్కూలు వ్యాను కొనుక్కున్నారు. పిల్లలంతా తాతా అని పిలిచేవారు. ఏ పిల్ల ఏ కిటికీ పక్కన కూర్చుంటుందో, ఎవరికి బండిలో వాంతులవుతాయో ఆయనకి తెలుసు.

ఆయనకొక నియమం ఉండేది. చీకటి పడ్డాక స్టీరింగు పట్టేవారు కాదు. ఎనిమిదింటికి జొన్నరొట్టె తిని తొమ్మిదింటికల్లా పడుకుంటే, అలారం లేకుండా నాలుగున్నరకి లేచేవారు. ముప్పై ఏళ్లలో ఆయన్ని తను లేపాల్సి వచ్చింది రెండుసార్లేననీ, ఆ రెండుసార్లూ జ్వరమేననీ సక్కుబాయి గారు చెప్పారు.

వాళ్ల ఇల్లు కొత్తగూడ చౌరస్తా వెనక సందులో ఉంది. కింద రెండు గదులు కిరాయికిచ్చి, మేడ మీద రేకుల గదిలో భార్యాభర్తలిద్దరూ ఉండేవారు. ఫ్లైఓవర్ వచ్చాక వాహనాలు సరిగ్గా వాళ్ల మేడ ఎత్తులో పరుగెత్తేవి. ఆ చప్పుడు ఆయన నిద్రని ఏమీ చేయలేకపోయింది.

పోయినేడు కార్తీకంలో ఫ్లైఓవర్ అవతల కొత్త కాంప్లెక్సు మీద ఒక పెద్ద ప్రకటనల తెర బిగించారు. మూడంతస్తుల ఎత్తు ఉంటుంది. రోడ్డు మీద పోయేవాళ్ల కోసం పెట్టిన ఆ తెర, ఫ్లైఓవర్ దాటి నేరుగా రేకుల గది కిటికీలోకి చూస్తుండేది. విల్లాలు, నగలు, కోచింగ్ సెంటర్లు. ఎనిమిది సెకన్లకోసారి బొమ్మ మారేది. ఈతకొలను బొమ్మ వచ్చినప్పుడు గది మొత్తం నీలంగా అయిపోయేది. సక్కుబాయి గారి ముఖం, గోడకున్న దేవుడి పటాలు, మంచం కింద చెప్పులు, అన్నీ నీలమే.

తెర వెలిగిన మొదటి రాత్రే వెంకటనారాయణ గారు దిగ్గున లేచి, ముఖం కడుక్కుని, చొక్కా వేసుకుని, తాళంచెవి చేతిలో పట్టుకున్నారు.

"ఎక్కడికి వోతున్నవ్?" అని సక్కుబాయి గారు మంచం మీంచే అడిగారు.

"తెల్లారింది గద, జర లేటయింది ఇయ్యాల."

"గడియారం సూడు. ఒంటిగంటన్నర గూడ గాలే."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి చూశారు. ఆకాశం తెల్లగానే ఉంది. వెలుతురు వస్తున్నది పడమటి నుంచి. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. ఆ తెర గురించి తాము నవ్వింది ఆ ఒక్కసారేనని ఆమె నాతో అన్నారు.

మేడ మీద సక్కుబాయి గారికి ఐదు కోళ్లు, ఒక పుంజు ఉండేవి. పదిరోజులు తిరక్కుండా పుంజు అర్ధరాత్రి కూయడం మొదలుపెట్టింది. మొదట ఒకసారి, తర్వాత తెర మీద తెల్లటి బొమ్మ వచ్చినప్పుడల్లా. కింద కిరాయికున్నవాళ్లు ఆఫీసు పిల్లలు. ఓపిక పట్టి పట్టి చివరికి వచ్చి అడిగారు. గూడు మీద గోనెపట్టా కప్పినా పుంజు ఆగలేదు. కోళ్లు రాత్రంతా మేడ మీద తిరుగుతూ గచ్చు పొడిచేవి. తెల్లవారాక గోడ నీడలో తలలు వాల్చి నిలబడేవి. ఒకరోజు పొద్దున పుంజు నీళ్లతొట్టి పక్కన చచ్చి పడి ఉంది. కుక్క కరిచిన గుర్తుగానీ, రోగం గుర్తుగానీ ఏమీ లేదు.

"దానికి వేళ తెల్వకపాయె. మనకు గూడ తెలుస్తలేదయ్యా," అన్నారు సక్కుబాయి గారు.

చలికాలమంతా కిటికీకి దుప్పటి కట్టుకున్నారు. రేకులకీ గోడకీ మధ్య సందుల్లోంచి వెలుతురు గీతలుగా వచ్చి మంచం మీద పడేది. మార్చి వచ్చాక దుప్పటి కట్టే వీల్లేకపోయింది. కిటికీ మూస్తే రేకుల కింద ఊపిరాడదు, తెరిస్తే వెలుతురు. ఆయన కళ్ల మీద తువ్వాలు కట్టుకుని పడుకునేవారు. చెమటకి అది జారిపోయేది. మేడ మీద ఆరుబయట పడుకుంటే ఇంకా ఎక్కువ వెలుతురు. నిద్ర ఏ మూడింటికో పట్టేది. నాలుగున్నరకి లేచేసరికి ఒళ్లు ఇసుకబస్తాలా ఉండేది.

కాంప్లెక్సు మేనేజరుని కలిశారు. వార్డు ఆఫీసులో కాగితం ఇచ్చారు. ఎవరో వచ్చి తెర వెలుతురు తగ్గించారు. మూడు రాత్రులు నిద్రపోయారు. నాలుగో రాత్రి తెర మళ్లీ మామూలే.

అప్పట్నుంచి ఆయన మనిషి మారుతూ వచ్చారు. అర్ధరాత్రి ఆకలేసేది, లేచి చద్దన్నం తినేవారు. పగలు తిండి సహించేది కాదు. మధ్యాహ్నం పడుకుందామంటే నిద్ర రాదు. ఒకరోజు బిస్కెట్ పొట్లం చించినందుకు మా రసజ్ఞని గట్టిగా కసిరారు. తర్వాత గేటు దగ్గర నాకు దండం పెట్టి, "బిడ్డను ఉత్తగనే తిట్టిన మేడం, మనసుల వెట్టుకోకుండ్రి," అన్నారు. ఆయన కళ్ల కింద నలుపు నాకు కనిపించింది. ఎండ వల్ల అనుకున్నాను. నేనూ రాత్రి రెండు దాకా అమెరికా టీముతో కాల్స్‌లో ఉండి వచ్చినదాన్నే. ఎదుటివాళ్ల కళ్ల కింద నలుపు ఎంచే స్థితిలో లేను.

మే నెలలో కాళ్లకి తిమ్మిర్లు వస్తున్నాయని బస్తీ దవాఖానకి వెళ్లారు. అక్కడి డాక్టరు బాలాత్రిపురసుందరి గారు రక్తపరీక్ష చేయించారు. ఎనిమిదేళ్లుగా మాత్రలతో అదుపులో ఉన్న షుగర్ ఒక్కసారిగా పెరిగిపోయింది.

"తిండి మార్చారా?"

"లేదమ్మా."

"రాత్రి నిద్ర పడుతోందాండి?"

ఆయన తెర సంగతి చెప్పారు. ఆమె రాస్తున్న కలం పక్కన పెట్టి మొత్తం విన్నారు.

"మన ఒంట్లో ఒక గడియారం ఉంటుందండి. దానికి వేళ చెప్పేవి కళ్లు. కంట్లో కొన్ని కణాలకి పనల్లా వెలుతురుందో లేదో మెదడుకి కబురు పెట్టడమే. నీలం వెలుతురైతే ఆ కబురు మరీ తొందరగా పోతుంది. చీకటి పడితే మెదడు మెలటోనిన్ అని ఒక హార్మోన్ వదులుతుంది. ఇక రాత్రయిందని ఒళ్లంతటికీ చెప్పేది అదే. వెలుతురు పడిందంటే అది తగ్గిపోతుంది."

"కండ్లు మూసుకునే పండుకుంట గదమ్మా?"

"రెప్పలు పల్చటి పరదాలండి. కొంత లోపలికి పోతూనే ఉంటుంది."

"అంటే నా లోపట రాత్రి అయితనే లేదా?"

"అవుతోంది, కానీ ఆలస్యంగా, అరకొరగా. తిన్నది అరగడం, షుగర్ అదుపు, గుండె విశ్రాంతి, అన్నీ ఆ వేళల్ని బట్టే నడుస్తాయి. మీ షుగర్‌కి ఈ తెరే కారణమని నేను రాసివ్వలేను. వయసుంది, ఎండలున్నాయి. కానీ దాని వాటా లేదని మాత్రం అనను." ఆమె మళ్లీ కలం అందుకున్నారు. "ఇంతకీ మీరు ఏం పని చేస్తారండి?"

"ఇంటికాడనే ఉంటనమ్మా," అన్నారు.

"నయం. ఇలా నిద్ర లేనప్పుడు బండి మాత్రం తోలకండి. తాగి తోలినట్టే."

ఈ అబద్ధం గురించి ఆయనే నాకు చెప్పారు. "ఆ తల్లి అంత మంచిగ అడిగితే అబద్ధం ఆడిన మేడం. నిజం చెప్తే బండి బందు వెట్టమంటది. బడి సాలు ఇంక తొమ్మిది దినాలే ఉండె. తొమ్మిది దినాలు ఎట్లనన్న ఎల్లదీస్త అనుకున్న."

నిజానికి అవి మామూలు బడి రోజులు కూడా కావు. ఆ బడివాళ్లు ఎండాకాలంలో పెట్టిన ప్రత్యేక తరగతులు. ఆయన తొమ్మిదిలో ఆరు రోజులు గడిపారు.

ఏడో రోజు పొద్దున వ్యానులో పదకొండు మంది పిల్లలున్నారు. నల్లగండ్ల దాటాక రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉంది. ఎడమ పక్కన కంకర లోడుతో ఒక టిప్పరు ఆగి ఉంది. వ్యాను మెల్లగా, ఏ తొందరా లేకుండా, దాని వైపు ఒరుగుతూ పోయింది. వెనక సీట్లో పిల్లలు ఏదో ఆట ఆడుకుంటున్నారు. ముందు వరసలో ఉన్న మా రసజ్ఞ అద్దంలోకి చూసింది.

"తాతా! లారీ!"

ఆయన స్టీరింగు కుడికి తిప్పేశారు. ఎడమవైపు అద్దం టిప్పరుకి తగిలి పగిలి, గాజుపెంకులు కిటికీ మీద వానలా పడ్డాయి. కిటికీ మూసి ఉండబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంకో మూరెడు పక్కకి పోయి ఉంటే ఎడమ వరసలో కూర్చున్న నలుగురు పిల్లలు ఉండేవారు కాదు.

"తాత కళ్లు తెరిచే ఉన్నాయమ్మా. కానీ చూడట్లేదు," అని రసజ్ఞ ఆ రాత్రి నాతో చెప్పింది.

ఆయన వ్యానుని రోడ్డు దింపి ఆపారు. ఇంజను ఆపి తాళంచెవి తీశారు. పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్ చేశారు. నాకు చేసినప్పుడు నేను మంచి నిద్రలో ఉన్నాను.

"మేడం, పిల్లలు మంచిగున్నరు. మీరొచ్చి తీసుకపోండ్రి. నేను ఇంక బండి నడప."

మేం ఐదారుగురం పది నిమిషాల్లో అక్కడికి చేరాం. పిల్లలు వేపచెట్టు నీడలో వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్లకీ రోడ్డుకీ మధ్య ఆయన నిలబడి ఉన్నారు. పగిలిన అద్దం చూసి ఒక తండ్రి టిప్పరు డ్రైవరు మీదికి పోయాడు.

"గుద్దింది వీడేనా?"

వెంకటనారాయణ గారు ఔనని ఉంటే సరిపోయేది. మేమంతా నమ్మేవాళ్లం. టిప్పర్లంటే ఈ రోడ్డు మీద అందరికీ కోపమే.

"కాదు సారు. ఆ బండి నిలవడే ఉన్నది. నేనే పండుకున్న."

"పడుకున్నారా?"

"కన్ను మూతవడలే. కానీ పండుకున్న. ఆర్నెల్ల నుంచి నాకు నిద్ర లేదు. డాక్టరమ్మ బండి తోలొద్దన్నది. అయినా తోలిన."

ఆ తర్వాత ఆయన్ని ఎవరెవరు ఏమేం అన్నారో రాయడం నాకిష్టం లేదు. ఒకాయన ఫోన్‌లో వీడియో తీశాడు. ఒకామె పోలీసుల్ని పిలుస్తానంది. ఆయన తల వంచుకుని నిలబడి అన్నీ విన్నారు. చివర్లో తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"ఇది నా కాడ ఉండొద్దు మేడం."

నేను మా కారులో ముగ్గురు పిల్లల్ని బడి దగ్గర దింపాను. దారంతా ఏసీ గట్టిగా పెట్టి, పెదవి కొరుక్కుంటూ నడిపాను. నేను ఆ రాత్రి పడుకుంది మూడు గంటలు. ఆ సంగతి అక్కడ నన్ను ఎవరూ అడగలేదు.

నెల తిరిగాక వాళ్లు కింద వెనక గది ఖాళీ చేయించుకుని అందులోకి దిగారు. కిటికీ లేని గది. తలుపు మూస్తే చెయ్యి కనిపించదు. అయినా మొదటి మూడు వారాలు ఆయనకి నిద్ర రాలేదు. చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకుని, తెల్లటి బొమ్మ ఎప్పుడు మారుతుందా అని ఎదురుచూసినట్టుండేదట. డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లి నిజం ఒప్పుకున్నారు. ఆమె రోజూ పొద్దున లేవగానే అరగంట ఎండలో కూర్చోమనీ, రోజూ ఒకే వేళకి పడుకోమనీ చెప్పారు. వానలు పట్టాక నిద్ర మెల్లగా తిరిగి వచ్చింది. షుగర్ కొంత దిగింది గానీ, పెంచిన మాత్రలు తగ్గించలేదు. కాళ్ల తిమ్మిర్లు పోలేదు. కోళ్లని సక్కుబాయి గారు అంతకుముందే ఎవరికో ఇచ్చేశారు.

నా దగ్గరున్న తాళంచెవి స్కూలు వ్యాన్లు తిప్పే ఒక కాంట్రాక్టరుకి ఇప్పించి, వ్యానుని ఆయన అతనికే అమ్మేశారు. జూన్‌లో బడి తెరిచాక అదే వ్యాను మా గేటు ముందుకొచ్చింది. నడిపేది రాకేశ్ అనే అతను. ముప్పై ఏళ్లుంటాయి, చలాకీ మనిషి, ఎప్పుడూ వేళకి వచ్చేవాడు. మాకందరికీ నచ్చాడు.

ఆగస్టులో ఒకరోజు వెంకటనారాయణ గారు మొదటి బస్సు పట్టుకుని మా గేటు దగ్గరికొచ్చారు. పిల్లల్ని చూసిపోదామని వచ్చానన్నారు. పిల్లలు చుట్టూ మూగారు. ఆయన మాట్లాడుతూనే రాకేశ్ ముఖంలోకి చూస్తున్నారు. వ్యాను వెళ్లాక నా దగ్గరికొచ్చారు.

"ఆ పిలగాని కండ్లు సూసిండ్రా మేడం?"

"ఏమైందండీ?"

"నాకు తెలుసు ఆ కండ్లు."

మర్నాడు మళ్లీ వచ్చారు. ఈసారి వ్యాను కిటికీ దగ్గర నిలబడి నేరుగా అడిగారు.

"తమ్మీ, రాత్రి ఎక్కడ పండుకున్నవ్?"

"ఇంట్లనే అన్నా."

"ఎన్నిటికి?"

రాకేశ్ నవ్వేశాడు. "మాదాపూర్ల ఆఫీసు క్యాబ్ తోల్త. నాలుగింటికి లాస్ట్ డ్రాప్. గంట సేపు సీటు ఎనకకు వాల్చి పండుకుంట. రెండేండ్ల నుంచి ఇదే. పానానికి అలవాటైంది అన్నా, ఫికర్ జెయ్యకు."

"పానం అలవాటు గాదు తమ్మీ. అలవాటైనట్టు చెప్తది."

రాకేశ్ గేరు వేశాడు. నేను కాంట్రాక్టరుకి ఫోన్ చేశాను. డ్రైవరుకి లైసెన్సుందనీ, తాగుడు అలవాటు లేదనీ, ఇంతకుముందు నడిపిన ఆయన కన్నా వయసులో సగమనీ చెప్పాడు. ఈ సంగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముసలాయనకి తన బండి పోయిందన్న ఉక్రోషం అని ఒకరు రాశారు. దాని కింద చాలామంది బొటనవేళ్లు పెట్టారు.

ఆయన మాత్రం రోజు విడిచి రోజు వస్తూనే ఉన్నారు. గేటు పక్క దిమ్మె మీద కూర్చునేవారు. వ్యాను రాగానే లేచి కిటికీ దగ్గర నిలబడి రెండు మాటలు మాట్లాడి, రాకేశ్ కళ్లు చూసి, పక్కకి తప్పుకునేవారు. రాకేశ్ కొన్నిసార్లు విసుక్కునేవాడు, కొన్నిసార్లు టీ ఇప్పించేవాడు.

సెప్టెంబరు చివర్లో, ఒక గురువారం, వ్యాను ఎప్పటిలా ఆరూ నలభైకి వచ్చింది. వెంకటనారాయణ గారు ఏదో అడిగారు. రాకేశ్ సమాధానం చెప్పాడు. ఆయన మళ్లీ అదే అడిగారు. రాకేశ్ మళ్లీ అదే సమాధానం, అదే గొంతుతో చెప్పాడు. ఆయన వెనక్కి తిరిగి మా అందరికీ వినపడేలా అన్నారు.

"ఇయ్యాల పంపకుండ్రి. మీ కాల్మొక్త, ఇయ్యాల ఒక్కదినం పంపకుండ్రి."

నేను రసజ్ఞ చెయ్యి పట్టుకున్నాను. ఇంకో ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని దింపుకున్నారు. మిగతావాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. పరీక్ష ఉందని ఒకరన్నారు. ఆఫీసుకి టైమవుతోందని ఒకరన్నారు. ఎనిమిది మందితో వ్యాను కదిలింది. ఆయన దాని వెనకే నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

మేం ఎవరం ఇళ్లలోకి వెళ్లలేదు. ఆయన దిమ్మె మీద కూర్చుని రోడ్డు వంకే చూస్తున్నారు. పిల్లలు చేరారని ఏడున్నరకి బడి నుంచి రావలసిన మెసేజి రాలేదు. ఏడూ నలభై అయింది. ఒక తల్లి ఏడవడం మొదలుపెట్టింది. ఏడూ యాభై ఐదుకి ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. పిల్లలు చేరారు. ఆలస్యం ఎందుకైందో అందులో లేదు.

"చూశారా? ఊరికే భయపెడతారు," అని ఒకాయన అంటూ కారెక్కాడు.

పదింటికి వెంకటనారాయణ గారికి ఫోనొచ్చింది. అప్పటికింకా ఆయన మా ఇంట్లోనే ఉన్నారు, నేను బలవంతంగా ఇడ్లీ తినిపిస్తున్నాను. ఎత్తి స్పీకరు పెట్టారు.

"అన్నా, రాకేశ్‌ని." గొంతు చాలా చిన్నగా ఉంది. "బడి కాడ బండిల కూసున్న అన్నా. జర రాగలవా?"

"ఏమైంది తమ్మీ? యాడన్న తాకినవా?"

"లేదు. తాకలే అనుకుంట. నేను ఇక్కడికి ఎట్లొచ్చిన్నో నాకు యాదికొస్తలేదు. నువ్వు నిలవడ్డ గేటు యాదికున్నది. ఆ ఎనక బడి గేటు. నడిమధ్యల ఏం లేదు. పిల్లలు ఎంతమంది ఎక్కిండ్రన్నా? ఎనిమిది మందేనా? నేను ఎనిమిది మందినే దింపిన."

"ఎనిమిది మందే. అందరు బడికి ముట్టిండ్రు. తాళంచెవి తీసి జేబుల వెట్టుకో. నేనొచ్చేదాక సీట్ల నుంచి లేవకు."

ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా లేచారు. నేను కారు తాళాలు తీశాను. ఆయన నా వంక చూసి, తల అడ్డంగా ఊపారు.

"ఆటోల వోదాం మేడం. మీరు గూడ రాత్రి పండుకున్నట్టు లేరు."

రాకేశ్ ఆ రోజుతో పొద్దుటి వ్యాను మానేశాడు. రాత్రి క్యాబ్ మానలేకపోయాడు. పిల్లల్ని రెండు రోజులు మేమే దింపాం. సోమవారం నుంచి కొత్త డ్రైవరుని పంపుతానని కాంట్రాక్టరు మెసేజి పెట్టాడు. అందులో పేరుంది, ఫోన్ నంబరుంది. రాత్రిళ్లు ఏం చేస్తాడో అడిగితే, అది తన పని కాదని రాశాడు.